కన్ను ఆగని గోడ

నేను గోడలు తయారు చేసేదాన్ని. ఇటుకా సిమెంటూ లేకుండా, కంప్యూటర్లో. ఏదైనా వెబ్‌సైటు తెరిస్తే అక్షరాల వెనక ఒక గరుకు, ఒక పాత కాగితం రంగు, ఒక గోనెసంచి నేత పరుచుకుని ఉంటుంది కదా, అది ఎవరో ఒకరు కూర్చుని చేసిందే. చదివేవాళ్లు దాన్ని చూడరు. చూడకూడదు కూడా. వాళ్లు చూడకుండా ఉండేలా చేయడమే నా పని. గోదావరిఖని మొత్తంలో ఆ పని చేసేది నేనొక్కదాన్నే కాబట్టి అందులో నాకు నేనే సాటి.

చౌరస్తా వెనక సందులో ఒక డీటీపీ సెంటర్ ఉండేది. ఇంటర్ అయ్యాక అందులో చేరాను. పెళ్లి కార్డులు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు, యూనియన్ ఎన్నికల కరపత్రాలు, ఇవీ రోజువారీ పనులు. సెంటర్ నడిపే ఆయనను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన దోస్తు ఒకడు హైదరాబాద్‌లో వెబ్‌సైట్లు చేసి ఎక్కడెక్కడి దేశాలవాళ్లకో అమ్మేవాడు. వాడికి బ్యాక్‌గ్రౌండ్లు కావలసి వచ్చాయి. ఒక మధ్యాహ్నం అన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని నేర్పాడు.

గోడను ఫొటో తీయాలి. చతురస్రంగా కత్తిరించాలి. ఆ ముక్కనే స్క్రీను నిండా పక్కపక్కన పేరుస్తారు కాబట్టి అతుకులు కనబడకూడదు. అందుకని బొమ్మను సగం పక్కకు, సగం కిందికి జరిపితే నాలుగు అంచులూ మధ్యలోకి వచ్చి కూడిక గుర్తులా నిలబడతాయి. ఆ గుర్తును మాయం చేయాలి. మంచి చోటి నుంచి కాస్త తీసుకుని చెడ్డ చోట అద్దాలి, మళ్లీ తీసుకుని మళ్లీ అద్దాలి. అతుకు పోయాక అసలు పని మొదలవుతుంది. ముక్కలో ఒక మేకు బొక్క ఉందనుకోండి, ఒక్కటే కదా అనిపిస్తుంది. పేర్చగానే అది నలభై చోట్ల ఒకే దూరంలో వరస కడుతుంది. ఇక చూసేవాడి కన్ను దాని మీదికే పోతుంది. కాబట్టి మేకు బొక్క, బల్లి రెట్ట, పసుపు చేతి ముద్ర, కంటికి తగిలేది ఏదున్నా తీసేయాలి.

"చూసెటోని కన్ను యాడ గూడ ఆగద్దు చెల్లె," అనేవాడు అన్న. "ఆగిందంటె నీ పని ఖరాబైనట్టే."

ఆ రోజుల్లో హైదరాబాద్ దోస్తుకు పాత గోడల పిచ్చి పట్టింది. పెచ్చులూడిన గోడ, చెమ్మ పట్టిన గోడ, నెర్రెలిచ్చిన గోడ, ఎన్నున్నా పంపమనేవాడు. నెర్రెలకు మా దగ్గర కరువేముంది? మా క్వార్టర్ల లైను ఓపెన్‌కాస్టు గనికి దగ్గర. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగేది, కాసేపటికి బ్లాస్టింగు. భూమి కింద నుంచి ఎవరో కాలితో తన్నినట్టు ఇల్లు ఒక్కసారి ఎగిరిపడేది. తలుపులు కొట్టుకునేవి, గోడల్లోంచి సున్నం రాలేది, సజ్జ మీద స్టీలు గిన్నెలు గల్లుమనేవి. కొన్ని నిజంగానే కింద పడేవి. వంట చేసుకునేవాళ్లకు దెబ్బలు తగిలేవి.

అందుకని మా లైన్లో ఒక అలవాటు ఉండేది. ఆడవాళ్ల కమిలిన కంటికి, పగిలిన పెదవికి, ఊడిన పంటికి అందరిదీ ఒకటే జవాబు. "బ్లాస్టింగుకు గిన్నె వడ్డది." అడిగినవాళ్లు "అయ్యో, జర పైలం" అని వెళ్లిపోయేవాళ్లు. బ్లాస్టింగు లేని ఆదివారాల్లో కూడా మా లైన్లో గిన్నెలు పడుతూనే ఉండేవి, ఎవరికీ ఆశ్చర్యం వేసేది కాదు. మా బాపు కూడా వయసులో ఉన్నప్పుడు మా అవ్వ మీద చాలా గిన్నెలు పడేసినవాడే. అమ్మను మేం అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం.

బాపు బాయిలో టింబర్‌మన్. బాయి అంటే మాకు నీళ్ల బావి కాదు, బొగ్గు గని. లోపల పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. ఇరవై రెండేళ్లు నిలబెట్టాడు. ఒక రోజు నిలబెడుతుండగానే కప్పు కూలింది. పక్కన ఉన్నవాడు అక్కడికక్కడే నలిగిపోయాడు. బాపు నడుము విరిగింది. కొత్తగూడెంలో మెడికల్ బోర్డు ముందు నిలబెట్టలేక కుర్చీలో కూర్చోబెట్టారు, అన్‌ఫిట్ రాశారు. అన్‌ఫిట్ అయినవాడి నౌకరి కొడుక్కి వస్తుంది. కొడుకు లేకపోతే, ఇంట్లోనే ఉండే అల్లుడికి వస్తుంది. మా ఇంట్లో ఇద్దరం ఆడపిల్లలమే. అలా అక్క పెళ్లి అయింది. మా వాళ్లు అక్కకు మొగుణ్ణి వెతకలేదు, నౌకరికి మనిషిని వెతికారు.

బావది జైపూర్ వైపు ఒక పల్లె. పత్తి చేను, రెండేళ్లు పురుగు తిన్న చేను. మనిషి పొడుగు, తక్కువ మాట్లాడేవాడు. పెళ్లయిన ఏడాదికి నౌకరి కాగితం అతని పేరు మీద వచ్చింది, క్వార్టరూ అతని పేరుకు మారింది. మొదటి రోజు బూట్లు తొడుక్కుని డ్యూటీకి వెళుతుంటే అవ్వ దిష్టి తీసింది. బాయి మీద హాజరు వేసే మస్టరు దగ్గర మాత్రం తోటివాళ్లు "మామ టోపీ వచ్చింది, మామ టోపీ" అని నవ్వేవాళ్లట. మూడు వందల మంది మధ్య రోజూ ఆ మాట. అక్కడ పడ్డదంతా మోసుకొచ్చి ఇంట్లో అక్క మీద దించేవాడు.

మొదటిసారి బూటుతో కొట్టాడు. బాయి బూటు ముందుభాగంలో ఇనుప రేకు ఉంటుంది, అది అక్క మోకాలి కింద ఎముక మీద పడింది. తర్వాత తలుపు సందులో పెట్టి చిటికెనవేలు నలిపాడు. ఒకసారి కుతకుతలాడే పప్పు గిన్నె కాలితో తన్నాడు. పొద్దుటి షిఫ్టు దిగి, వైన్ షాపు మీదుగా నాలుగింటికి ఇల్లు చేరేవాడు. నాలుగు నుంచి అయిదు దాకా మా ఇంట్లో ఏం జరిగేదో లైనంతా వినేది. బాపు ముందర గదిలో మంచం మీద పడుకుని టీవీ సౌండు పెంచేవాడు. ఒకసారి నేను ఉండబట్టలేక చపాతీ కర్రతో బావ వీపు మీద కొట్టాను. అతను తిరిగి నన్ను కొట్టిన దెబ్బకు ఎడమ చెవిలో రెండు రోజులు ఈల వినిపించింది. బాపు తిట్టింది నన్నే.

"వాని మీదికి చెయ్యి లేపుతవా? వాడు ఎల్లిపోతె మనం యాడ ఉంటమే? గీ క్వార్టర్ ఎవని పేరు మీద ఉన్నది?"

తండ్రి అనేవాడు కూతురు ఏడుస్తుంటే అలా మాట్లాడతాడా అని నాకు అసహ్యం వేసింది. ఆ అసహ్యాన్ని అన్నంలో కలుపుకుని తిన్నాను, ఎందుకంటే ఆ అన్నమూ ఆ నౌకరిదే.

ఇలా మూడేళ్లు గడిచాక, ఒక ఎండాకాలం, హైదరాబాద్ నుంచి ఒకేసారి పన్నెండు సున్నం గోడలు కావాలని కబురొచ్చింది. పదకొండు చేశాను. పన్నెండోదానికి మా వంటింటి గోడ గుర్తొచ్చింది. నీలం కలిపిన సున్నం, దాని కింద పాత పసుపు సున్నం, మధ్యలో సన్నటి నెర్రెలు. సాయంత్రం నాలుగు దాటాక వెనక కిటికీలోంచి ఎండ వాలుగా పడితే ఆ గోడ గరుకంతా లేచి కనబడుతుంది. అన్నను అడిగి సెంటర్ కెమెరా తీసుకుని ఇంటికొచ్చాను.

బావ బయట నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నా వైపు చూడలేదు. లోపలికి వెళితే అక్క వంటింట్లో గోడకు ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది. తల వెనక తువ్వాల అదిమి పట్టుకుంది. తువ్వాల ఎర్రగా తడిసింది. అన్నం గిన్నె బోర్లా పడి మెతుకులన్నీ చెల్లాచెదరుగా ఉన్నాయి.

నేను నోరు తెరవకముందే అంది, "బ్లాస్టింగుకు గిన్నె వడ్డదే."

సజ్జ మీదికి చూశాను. గిన్నెలన్నీ పెద్దదాని పక్కన చిన్నది, వరసగా ఉన్నాయి. గోడ మీదికి చూశాను. నా భుజం ఎత్తులో అరచేయి అంత తడి. ఇంకా కిందికి జారుతోంది. అందులో నాలుగైదు పొడుగాటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఒకసారి కాదు, ఆ తడి అంచున సున్నం పొడి పొడిగా రాలి ఉంది.

నా చేతిలో కెమెరా ఉంది. మూడు ఫొటోలు తీశాను. "లే, ఠాణాకు పోదాం. ఈసారి ఇడిసిపెట్టేది లేదు," అన్నాను. అక్క ఖాళీగా ఉన్న చేత్తో నా పాదం పట్టుకుంది.

"నీ కాళ్లు మొక్కుత. బాపును ఈ వయసుల రోడ్డు మీద ఏస్తవా?"

అవ్వ బకెట్టుతో వచ్చింది. ముందు గోడ కడిగింది, తర్వాత అక్క తల కడిగి పసుపు అద్దింది. మర్నాడు పొద్దున్నే ఆ గోడకు కొత్తగా సున్నం కొట్టింది.

నేను ఫొటోలు సెంటర్ కంప్యూటర్లోకి ఎక్కించాను. వాటితో ఏం చేయాలో తెలియదు కానీ చేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. మూడో రోజు ఇంటికి వెళ్లేసరికి బావ కోడి తెచ్చాడు. అక్క తలకు గుడ్డ కట్టుకుని మసాలా నూరుతోంది. తిన్నాక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని టీవీలో ఏదో చూసి నవ్వారు. అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. బావ మీద కంటే అక్క మీద ఎక్కువ మండింది. నీకే లేని బాధ నాకెందుకే అనుకున్నాను. తల పగిలింది ఆమెది, ఒట్టు పెట్టుకున్నది నేను, కోడికూర తిన్నది అందరం.

మర్నాడు అన్న పన్నెండో గోడ ఏదని అడిగాడు. గోడకు అవ్వ సున్నం కొట్టేసింది కాబట్టి మళ్లీ తీయడానికి ఆ పాత గోడ లేదు. ఆ మూడు ఫొటోలే ఉన్నాయి. రెండు మసకగా వచ్చాయి, వాటిని తీసేశాను. మూడోది అద్భుతంగా ఉంది. అంత మంచి వెలుతురు నాకు ఎప్పుడూ దొరకలేదు. ఒక్క ఆ మరక లేకపోతే.

కూర్చున్నాను. ముందు వెంట్రుకలు తీశాను, ఒక్కొక్కటిగా, పొడుగు వెంట. తర్వాత ఎరుపు. కిటికీ పక్క నుంచి నీలం తీసుకుని అద్దితే మరీ శుభ్రంగా కనబడింది, శుభ్రంగా ఉన్నా కన్ను ఆగుతుంది. అందుకని కింద చెమ్మ పట్టిన చోటి నుంచి కాస్త మురికి తీసుకుని కలిపాను. పగిలిన సున్నం అంచును ఒక నెర్రెలో కలిపేశాను. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నాకు అక్క గుర్తు రాలేదు. పని బాగా కుదురుతున్నప్పుడు ఉండే సంతోషం ఉంది, అంతే. అన్న వెనక నిలబడి చూశాడు.

"శభాష్ చెల్లె! గిది గోడంటె."

చతురస్రం కత్తిరించేముందు మొత్తం ఫొటోను భద్రపరచమంటే, పాతదాని మీదే భద్రపరచనా అని కంప్యూటర్ అడిగింది. అవునని నొక్కాను. చేయి దానంతట అదే నొక్కిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. తెలిసే నొక్కాను. ఇక ఆ పేచీ నా నెత్తి మీద ఉండదని నొక్కాను. కెమెరా కార్డును అన్న ప్రతి సాయంత్రం ఖాళీ చేసేవాడు.

మూడో వారంలో అక్కకు తలనొప్పి మొదలైంది. ఎండ అన్నారు. వాంతులైతే నీళ్లు పడలేదు అన్నారు. కుడి చేతిలోంచి గరిటె జారిపోతుంటే నీరసం అన్నారు. ఒక పొద్దున నల్లా దగ్గర బిందె ఎత్తబోయి అలాగే పక్కకు ఒరిగిపోయింది. నోరు ఒక వైపు లాగేసింది. ఇక్కడి దవాఖాన నుంచి కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు. అక్కడ తల తెరిచి గడ్డకట్టిన నెత్తురు తీశారు. డాక్టరు ఎలా తగిలిందని అడిగితే అవ్వ గిన్నె సంగతి చెప్పింది. ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "పై నుంచి పడింది ఇక్కడ తగలదమ్మా. నాకెందుకు చెప్తారు అబద్ధాలు? ఇంకో దెబ్బ పడితే ఈ అమ్మాయి బతకదు, అది మాత్రం గుర్తు పెట్టుకోండి," అన్నాడు.

బావ ఆపరేషన్ గది బయట నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి అవ్వ కరిగిపోయింది. నాకు మాత్రం ఆ వంచిన మెడ మీద కాలు పెట్టి తొక్కాలనిపించింది.

అక్క ఇంటికి వచ్చింది. కుడి చేయి లేవదు, కాలు ఈడుస్తుంది, మాట నిదానంగా వస్తుంది. పది రోజులకు బావ కొత్త మాట అందుకున్నాడు. అక్కను వాళ్ల ఊరు తీసుకుపోతాడట, వాళ్లమ్మ దగ్గర ఉంచుతాడట, వారం వారం వచ్చి చూసుకుంటాడట. అక్కడ ఈ మాత్రం గోడ అవతల వినేవాళ్లు కూడా ఉండరు. చేను మధ్య ఇల్లు. వెళితే అక్క తిరిగి రాదని నాకు తెలుసు. బాపు "మొగడు తీస్కపోతనంటె మనం ఎట్ల అడ్డుకుంటం?" అన్నాడు.

మా దగ్గర ఇంటి తగాదాలు ఠాణాకు పోవు, యూనియన్ ఆఫీసుకు పోతాయి. అక్కడ ఒక పెద్దాయన ఉండేవాడు, బాపుతో కలిసి బాయిలో పని చేసినవాడు. కాక అంటాం, అంటే చిన్నాన్న. నేనే వెళ్లి పంచాయితీ పెట్టించాను. ఆదివారం పొద్దున పదింటికి పదిహేను మంది దాకా చేరారు, అందరూ మగవాళ్లే. బెంచీ మీద బాపు, చేతికర్ర పట్టుకుని. గోడ పక్కన కుర్చీలో అక్క. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నేను జరిగింది చెప్పాను. బావ తల అడ్డంగా ఊపాడు. "గిన్నె వడ్డది కాక. దాన్నే అడుగున్రి." కాక అక్కను అడిగాడు. అక్క బాపు వైపు చూసి తల దించుకుంది.

"ఒట్టి మాటల మీద ఒకని నౌకరి మీదికి తేలేం బిడ్డా," అన్నాడు కాక నాతో. "ఏమన్న రుజువు ఉన్నదా?"

"ఉన్నది," అన్నాను. "ఆ దినమే ఫొటో తీసిన. గోడ మీద నెత్తురు, ఎంటికెలు, అన్ని ఉన్నయి."

లేదని నాకు తెలుసు. ఆ మాట వింటే భయపడి అతనే ఒప్పుకుంటాడని బెదిరించాను. నిజంగానే బావ ముఖం పాలిపోయింది, నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. ఇంకో నిమిషం గడిస్తే ఏం చెప్పేవాడో. కానీ కాక నిజాయితీ గల మనిషి. "అయితె తెప్పియ్," అన్నాడు. నేను నీళ్లు నమిలేలోపే ఎవరికో చెప్పి అన్నకు ఫోను చేయించాడు. సెంటర్ రెండు సందుల అవతలే. అన్నకు ఏమీ తెలియదు. సెంటర్‌లోని పనంతా లాప్‌టాప్‌లో కూడా పెట్టుకునేవాడు, దాన్ని చంకన పెట్టుకుని పావుగంటలో వచ్చాడు. వంటింటి గోడ అని నేనే పేరు పెట్టిన ఫైలు తెరిచాడు. తీసిన తేదీ కూడా చదివాడు. అది ఆ రోజే.

బల్ల మీద లాప్‌టాప్ చుట్టూ అందరూ వంగారు. నీలం గోడ, ఒక అంచున కిటికీ చట్రం. సన్నటి నెర్రెలు. వాలు ఎండ. ఎక్కడా ఏమీ లేదు.

బావకు ప్రాణం లేచి వచ్చింది. "సూడున్రి! ఆ దినం తీసిన ఫొటోనేనట. ఏది నెత్తురు? అది మొదటి సంది నా మీద గిట్లనే అబద్ధాలు సెప్తది."

"నేనే తుడిచిన," అన్నాను. ఎవరూ తల తిప్పలేదు. మళ్లీ అరిచాను. "అది నా పని. మరకలు తుడుసుడే నా పని. కంప్యూటర్ల నేనే తుడిచిన!"

కాక కళ్లజోడు సర్దుకున్నాడు. "తుడిస్తె జాడ ఉంటది గద బిడ్డా. యాడ తుడిచినవో సూపెట్టు."

వంగి చూశాను. పెద్దది చేసి చూశాను. కిటికీ వైపు వెతికాను, చెమ్మ వైపు వెతికాను. పగిలిన అంచును కలిపిన నెర్రె ఏదో గుర్తు పట్టలేకపోయాను. అన్ని నెర్రెలూ ఒకేలా ఉన్నాయి. ఆ గోడ మీద నా కన్ను ఎక్కడా ఆగలేదు. పదిహేను మంది నా వేలి కోసం చూస్తున్నారు, నా వేలు స్క్రీను మీద తిరుగుతోంది. నా జీవితంలో అంత బాగా చేసిన పని ఇంకొకటి లేదు, ఆ పనే ఇప్పుడు అక్కను చేను మధ్య ఇంటికి పంపుతోంది. ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వారు.

అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైంది. అక్క లేచింది. కాలు ఈడ్చుకుంటూ బల్ల దాకా వచ్చింది. ఎడమ చేయి ఎత్తి చూపుడు వేలు స్క్రీను మీద పెట్టింది. కిటికీ చట్రం నుంచి జానెడు ఎడంగా, ఏమాత్రం తడుముకోకుండా.

"గిక్కడ," అంది. మాట ముద్దగా వచ్చింది. "నా తలకాయ గిక్కడ కొట్టిండు. మూడు సార్లు."

"నోర్మూసుకో ముం..." అంటూ బావ చేయి లేచింది. అంతమంది ఉన్నారని ఆ చేతికి గుర్తు లేదు. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న తల మీద, చెవి పైన, ఛెళ్లున పడింది. అక్క బల్ల మీదికి తూలింది, లాప్‌టాప్ నేల మీద పడింది. నేను అక్క తల నా పొట్టకు అదుముకుని రెండు చేతులూ అడ్డం పెట్టాను. రెండో దెబ్బ నా మోచేతి మీద పడింది.

"పంచాయితీల చెయ్యి లేపుతవారా? మా ముంగటనా?" అని కాక అరిచాడు. వాళ్లకు కోపం వచ్చింది అందుకు. కొట్టినందుకు కాదు, తమ ముందు కొట్టినందుకు. ఆ తేడా నేను ఈనాటికీ మరిచిపోలేదు, క్షమించనూ లేదు. ఇద్దరు ముగ్గురు బావను వెనక్కి లాగారు. ఆ గుంపులోంచి బాపు ఎప్పుడు లేచాడో తెలియదు. విరిగిన నడుముతో కర్ర లేకుండా నిలబడలేని మనిషి, ఆ కర్రనే రెండు చేతులతో ఎత్తి బావ మణికట్టు మీద దించాడు. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినబడింది. ఇంకోసారి దించాడు, మోచేతి మీద. మూడోసారి ఎత్తబోయి తనే కూలబడ్డాడు. బావ పెట్టిన కేక నా చెవులకు తియ్యగా వినిపించింది. అందుకు సిగ్గుపడను. మూడేళ్ల ముందు ఎత్తవలసిన కర్ర అది అని మాత్రం అప్పుడే బాపు ముఖం మీద అనేశాను.

బాపు నేల మీద నుంచే అన్నాడు, "నౌకరి పోతె పాయె. బిడ్డను పంప."

ఆ తర్వాత జరిగింది చప్పగానే జరిగింది. అక్క మా దగ్గరే ఉండాలని అదే గదిలో కాగితం రాశారు. అతను బాపు మీద కేసు పెట్టనని, మేం అతని మీద పెట్టమని కూడా అందులోనే రాశారు. నేను సంతకం పెట్టనన్నాను, నా సంతకం ఎవరూ అడగలేదు. చేయి అతుక్కున్నాక అతను మందమర్రి వైపు బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు. నౌకరి అతనికే ఉంది. క్వార్టర్ ఖాళీ చేయమని కాగితం మాకు వచ్చింది. బాపు ఇరవై రెండేళ్ల బాయి పనికి దొరికిన ఆ రెండు గదులను ఒక ఆటో ట్రాలీలో సర్దుకుని రామగుండం స్టేషన్ వెనక అద్దెకు దిగాం. సెంటర్ పని మానలేదు. ఇంటి అద్దెకు అదే ఆధారం, ఇంకో పని నాకు రాదు. కాకపోతే గోడలు చేయనని అన్నకు చెప్పేశాను. గోనె నేతలు, తుప్పు రేకులు, ఆకుల వరసలు చేసి పంపేదాన్ని.

అక్క కుడి చేయి మళ్లీ పనికి రాలేదు. ఆ ఫొటో గురించి ఆమె నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఎన్నోసార్లు కూడబలుక్కున్నాను. పక్కన పడుకున్న ప్రతిసారీ ఇప్పుడు అడుగుతుందేమో అని బిగుసుకుపోయేదాన్ని. కొట్టినా బాగుండేదనిపించేది.

తెలంగాణ వచ్చిన ఏడాది, ఒక పొద్దున, వాకిట్లో కూర్చోబెట్టి తల దువ్వుతున్నాను. ఎడమ చేత్తో జడ వేసుకోలేదు కదా, రోజూ నేనే దువ్వాలి. కుట్ల దగ్గర జుట్టు మళ్లీ రాలేదు, దువ్వెన అక్కడికి రాగానే మెల్లగా పక్కకు తిప్పాలి. అక్క ఎదురుగా ఉన్న గోడను చూస్తూ ఉన్నట్టుండి అంది.

"ఒక్కటి అడుగుత, సెప్తవా? ఆ దినం గంత సాఫ్‌గ ఎట్ల తుడిచినవే?"

ఎత్తిపొడుపేమో అని ముందుకు వంగి ముఖం చూశాను. అక్కడ కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"మూడేండ్లు నేను గూడ తుడిచిన," అంది. "గోడ తుడిచిన, మొకం తుడిచిన, కింద వడ్డ నెత్తురు అవ్వకు కనవడకముందే తుడిచిన. నాకు ఎన్నడు గంత మంచిగ రాలే."

అప్పుడు ఏడ్చాను. అక్క వీపు మీద నుదురు ఆనించి, పక్కింటివాళ్లు తొంగి చూసేలా ఏడ్చాను. అక్క ఎడమ చేయి వెనక్కి చాపి, ఎండ ఎక్కుతోంది, జడ వెయ్యి అంది.